గుమ్మం పక్కన చాట

మా గల్లీలో పిల్లలు ఆడుకోవడానికి ఎవరింటికైనా చెప్పకుండానే వస్తారు. తలుపు కొట్టే అలవాటు లేదు. కానీ చాలా ఇళ్లలో మధ్యాహ్నం ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు. నేలంతా తడి ఆకు పరిచి ఉంటుంది. పిల్లలు గడపలో కాలు పెట్టగానే "ఆకు తొక్కుతరు, బయటికి నడువుండ్రి" అని కసురుతారు. అలా కసిరించుకున్న పిల్లలందరూ చివరికి చేరేది మా ఇంటికే. మా వసారాలో ఒక పాత క్యారం బోర్డు ఉంది.

నా భార్య రాజమణి కూడా బీడీలు చుట్టేది. నాకు బడిలో ఉద్యోగం వచ్చాక మానెయ్యమన్నాను. "చేతులు ఊకె ఉండవు" అంది. ఆమె ఆకు లోపలి గదిలో, పిల్లలు వసారాలో. వాళ్లు ఆమెను పెద్దమ్మ అనేవారు. వాళ్లకు ఆమె పెట్టిన పద్ధతులు కొన్ని నాకు తెలుసు. చెప్పులు గోడవారగా విడవాలి. నీళ్లు పెదవి తగలకుండా తాగాలి. తల్లి ఒక్కసారి పిలిస్తే చాలు, ఆట సగంలో ఉన్నా లేవాలి. నేను సాయంత్రం సైకిలు లోపల పెట్టేసరికి "సార్ వచ్చిండు" అని గుసగుసలాడి బిళ్లలు డబ్బాలో పోసి వెళ్లిపోయేవారు. అది భయం కాదు. సార్ అలిసి వస్తాడని ఆమె చెప్పి ఉంచింది.

దీపావళి వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆమె ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చాట దించి, వసారాలో గుమ్మం పక్కన గోడకు నిలబెట్టి, ఛాతీ బరువుగా ఉందని పడుకుందట. నేను వచ్చేసరికి మాట సరిగా రావడం లేదు. ఆసుపత్రికి తీసుకువెళ్లాం. తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాక చుట్టాలు ఆమె వస్తువులన్నీ సర్దారు. చాట మాత్రం కదపవద్దన్నాను. ఆమె తన చేతితో ఆ ఇంట్లో చివరగా పెట్టిన వస్తువు అది. రోజూ వసారా ఊడుస్తాను. చాట దగ్గరికి వచ్చి చీపురు ఆపుతాను.

అప్పటి నుంచి పిల్లలు రాలేదు.

మొదట్లో అది సహజమే అనుకున్నాను. తరువాత సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. బంతి మా ఆవరణలో పడినా లోపలికి రారు. గేటు తెరిచే ఉంటుంది. ఒకసారి పక్కింటి సుమిత్రమ్మ మనవరాలు నవత గేటు బయట నిలబడి ఉంటే, "వచ్చి తీసుకో బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నా వెనక గుమ్మం వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"మీరే ఇయ్యుండ్రి సార్" అంది.

నాకు అర్థమైందనుకున్నాను. ఏడాది తిరగని చావు ఇల్లు. పెద్దవాళ్లు వద్దని చెప్పి ఉంటారు. వాళ్లను తప్పు పట్టలేను. చావు జరిగిన ఇంట్లోకి పరాయి పిల్లలను పిలవడం మర్యాద కాదు. వాళ్లంతట వాళ్లు రావాలి. రాకపోతే ఊరుకోవాలి.

ఒంటిపూట బడులు మొదలయ్యాక ఊరుకోవడం కష్టమైంది. మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేవాడిని. గల్లీలో వాళ్ల అరుపులు వినబడేవి. మా గేటు ముందుకు రాగానే గొంతులు తగ్గేవి. వాళ్లు అలా గొంతు తగ్గించి దాటిపోతున్న ఇంట్లో ఇక ఉండలేననిపించింది.

మా తమ్ముడు నాగేందర్‌కు బోధన్‌లో మోటారు పంపుల దుకాణం ఉంది. ఇల్లు అద్దెకిచ్చి తన దగ్గరికి వచ్చెయ్యమని చాలా రోజులుగా అడుగుతున్నాడు. అక్కడి నుంచి రోజూ బస్సులో బడికి రావచ్చు. "ఆదివారం వస్త. అవునో కాదో చెప్పు" అన్నాడు. అవుననే చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. సంచిలో బెల్లం, మరదలు చేసిన సకినాలు తెచ్చాడు. వసారాలో కుర్చీ వేసుకున్నాడు.

"ఇంకెన్నొద్దులన్నా గిట్ల ఒక్కనివి? పొద్దున ఏం తిన్నవ్?"

"ఉప్మా."

"నిన్న?"

"ఉప్మానే."

"గా ఉప్మానే నిన్ను సూసి యాష్టపడుతది" అన్నాడు. "మీద అర్ర ఊడ్పించి పెట్టింది మీ మరదలు. ఎప్పుడొస్తవో చెప్పు."

చెప్పబోతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నాగేందర్ అంగీ గుండీలు విప్పుకుని అటూ ఇటూ చూశాడు. చెయ్యి చాచి గుమ్మం పక్కనున్న చాట అందుకుని విసురుకోసాగాడు.

"అది పెట్టు" అన్నాను.

"చాటనే గదన్నా. ఉడక పోస్తుంది."

విసిరిన గాలిలో పాత తంబాకు వాసన వచ్చింది. లేచి నిలబడ్డాను. గట్టిగా తిట్టబోయాను. ఇంతలో గల్లీలోంచి ఒక కేక.

"ఒరేయ్ బంటీ! సార్ చాట తీసిండురోయ్!"

పరుగుల చప్పుడు. గేటు గోడకు కొట్టుకుంది. గోడవారగా చెప్పులు టపటపా పడ్డాయి. నవత, బంటి, ప్రేమ్, వెనక ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు. బంటి నాకు నమస్తే పెట్టి, నేరుగా వసారా మూలనున్న మంచం కిందికి దూరి క్యారం బోర్డు లాగాడు. దుమ్ము లేచింది. నాగేందర్ చాట ఛాతీకి పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

నవత అతణ్ని చూసి ఆగింది. "సార్, నిజంగనే తీసిండ్రా? గాలికోసం ఉత్తగ తీసిండ్రా?"

"చాటకూ మీరు రావడానికీ ఏం సంబంధం బిడ్డా?"

ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసింది. "పెద్దమ్మ చెప్పింది గద సార్. చాట గుమ్మం కాడ నిలబెడితే పండుకున్నట్టు. అప్పుడు రావద్దు, పిలవద్దు, తొంగి సూడద్దు. లోపలికి తీసినంకనే రావాలె."

ఆ పద్ధతి మధ్యాహ్నాలది. ఆ వేళకు నేను బడిలో ఉండేవాణ్ని. నేను ఇంట్లో ఉండే ఆదివారాలు, సెలవులు ఆమె ఆకు ముట్టేది కాదు, చాట బయటికి వచ్చేది కాదు.

"మరి ఇన్ని రోజులూ..."

"చాట ఉండె గద సార్."

"నేను రోజు సూసి పోతుంటి" అన్నాడు బంటి, బోర్డు తుడుస్తూ. "గీ ప్రేమ్‌గాడు, సార్ మస్తు పండుకుంటడురా అన్నడు."

"నేననలే! వీడే అన్నడు సార్!"

నాగేందర్ పకపకా నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది.

"మీ అవ్వ ఈ ఇంటికి పోవద్దనలేదా?" నవతను అడిగాను.

"అవ్వ పొమ్మనే అన్నది. నేనే, చాట ఉన్నదే అవ్వా అన్న."

ఆ గోల విని సుమిత్రమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో కత్తెర, కొంగుకు ఆకు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఓ సారూ, పోరగాండ్లు సతాయిస్తున్నరా? ఎల్లగొట్టాల్నా?"

"వద్దమ్మా. ఉండనియ్యి."

ఆమె చాట వైపు చూసింది. "తీసిండ్రా... మంచిగైంది సారూ. చాట గట్లనే ఉన్నదంటే, సారుకు ఎవ్వల్ని సూడ బుద్ధయితలేదేమో అనుకున్నం. అడుగుడెట్లనో తెల్వక మేము గూడ రాలే."

అంటే గల్లీ అంతా ఆ చాటను చూసే ఆగింది. రావద్దని చెప్పింది ఎవరో కాదు, నా గుమ్మమే. నెలల తరబడి భుజాల మీద మోస్తున్నదేదో దిగినట్టయింది.

నాగేందర్ చేతిలోంచి చాట తీసుకున్నాను. అంచు అల్లికలో బీడీ దారం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని తీయలేదు. లోపలికి తీసుకెళ్లి వంటింటి గోడకున్న మేకుకు తగిలించాను. తిరిగి వచ్చేసరికి నవత అల్మారా పై అరలోంచి బోర్డు మీద చల్లే పౌడరు డబ్బా దించుతోంది. అది అక్కడుందని నాకు తెలియదు.

సాయంత్రం బస్సుకు నాగేందర్ లేచాడు.

"ఇంట్ల ఏం చెప్పాలన్నా?"

"సెలవులల్ల వస్తనని చెప్పు. ఉండనీకి కాదు, సూసి పోనీకి."

అతను పిల్లల వైపు, నా వైపు చూశాడు. "విసురుకున్నందుకు తిడతవనుకున్న" అన్నాడు.

"తిట్టేదుండె. తప్పించుకున్నవ్."

నవ్వుతూ వెళ్లాడు. చెప్పుల వరుసను జాగ్రత్తగా దాటి వెళ్లాడు.

నేను లోపలి గదిలో మంచం మీద నడుం వాల్చాను. వసారాలో రెడ్ బిళ్ల ఎవరిదో తేలక పెద్ద కొట్లాట అవుతోంది. బంటి ఒట్టు వేస్తున్నాడు. ప్రేమ్ ఒప్పుకోవడం లేదు.

"మెల్లగ! సార్ పండుకున్నడు" అంది నవత.

"పండుకుంటె చాట పెట్టేది గద!" అన్నాడు బంటి.

లేచి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. స్ట్రైకర్ బోర్డు అంచుకు ఠక్కున తగిలింది. మళ్లీ అందరూ ఒక్కసారి అరిచారు. ఆ అరుపుల్లోనే, చెప్పాలనుకున్నది చెప్పకముందే, నాకు నిద్ర పట్టింది.