పసుపు లేని పేజీ

"వదినా, నీ కూతురు కొంప ముంచినాది, రా!" అని మరిది వరదరాజులు ఫోన్లో అరవగానే జ్ఞానాంబ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుడియాత్తం బజారుకు పరుగెత్తింది. కూతురు మహతికి కరెంటు కొట్టిందనే అనుకుంది. కొట్టలేదు. మరిది పెళ్లిపత్రికల అంగడిలో అంతకంటే చెడ్డదే జరిగింది.

మహతి వేలూరు కాలేజీలో కంప్యూటర్ చదువుతోంది. హెచ్‌టీఎంఎల్ అనే వెబ్ పేజీల భాష ఎలా పుట్టిందో సోమవారం క్లాసులో నిలబడి చెప్పాలి, లేకుంటే ఆ పేపరు పోతుంది. అందుకని అంగడిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న ఒక పెళ్లిపత్రికను తొలినాళ్ల వెబ్ పేజీలా తయారు చేసింది. బూడిదరంగు తెర, నల్లటి అక్షరాలు. వినాయకుడు లేడు, పువ్వు లేదు, నాలుగు మూలలా పసుపు లేదు. ఆ పత్రిక బాగాయం ఊరి చెంగల్రాయలు కూతురిది. ప్రూఫు చూడవచ్చిన ఆయన కంట అదే పడింది.

"నా బిడ్డ నిక్షేపంగా ఉండంగానే కర్మాంతరం పత్రిక ఏసినారే!"

"అన్నా, పిల్ల తెలీక చేసినాది..." అన్నాడు వరదరాజులు.

"ఏందప్పా తెలీక! పెళ్లికూతురి పేరుండాది చూడు, నల్లగా!"

వరదరాజులు మహతి మీదికి తిరిగాడు. "సోమవారం యాడికీ పోవద్దు. ఇంక ఈడనే కూర్చుని కవర్లు అంటించు. తండ్రిలేని పిల్లని నా ఇంట్లో పెట్టుకుని చదివిస్తే నా అంగడికే ఎసరు పెడితివి."

జ్ఞానాంబ భయం వేరు. ఆ పెళ్లికి ఏ కీడు జరిగినా తన కూతురికే చుట్టుకుంటుంది. పత్రికలకు పెట్టే పసుపు గిన్నెలో వేలు ముంచి, లాప్‌టాప్ తెర నాలుగు మూలలా అద్దేసింది.

"అమ్మా! తడి పసుపు!"

"నోర్ముయ్. నువ్వే ఇంత రంగు పెట్టుంటే నీ చెయ్యి అరిగిపోతాదా?"

"అప్పట్లో రంగు చెప్పే గుర్తే లేదమ్మా!" మహతి ఏడుపు గొంతుతోనే అరిచింది. "స్విట్జర్లాండులో పెద్ద సైన్సు లాబు. దేశదేశాల వాళ్లు వచ్చినారు. ఒకరి కంప్యూటర్లో రాసింది ఇంకొకరి దాంట్లో తెరుచుకోదు. చిన్నాయన అచ్చుకాగితం మీద 'ఇది తలకట్టు, ఇది పేరా' అని గుర్తులు పెడతాడే, అట్టాంటివి కంప్యూటర్‌కు అంతకుముందే నేర్పినారు. ఆడ పనిచేసే ఒకాయన వాటిని తీసుకుని, ఒక మాట నొక్కితే ఇంకో కాగితానికి పోయేటట్టు చేసినాడు. బొమ్మలూ రంగులూ తర్వాతోళ్లు కలిపినారు, పోటీలు పడి కొట్లాడుకుంటా."

"ఈడ కూడా కొట్లాటే పెట్టినాది గదా," అన్నాడు చెంగల్రాయలు. "పసుపు పూసినంత మాత్రాన పీనుగ పెళ్లికూతురైతాదా? నా కాగితం నాకియ్యప్పా. వేలూరులో ఏయించుకుంటా."

లాక్కుని వెళ్లిపోయాడు.

"చూసినావా వదినా? చదువు మాటెత్తితే మీ ఇద్దరికీ నా గడపలో చోటు లేదు."

జ్ఞానాంబకు మరిదంటే భయం. బస్సంటే భయం. ఆ పేజీ అన్నా భయమే. కానీ పేపరు పోగొట్టుకున్న పిల్ల ఈ మరిది నోటి కిందే, కవర్లు అంటిస్తూ ముసలిదైపోవడం ఆమె కళ్లకు కట్టింది. తక్కిన భయాలన్నీ దాని ముందు చిన్నవైపోయాయి.

"సోమవారం నేనే తోడు పోతా," అంది. "ఆ పాడు పేజీ నాకూ కిట్టలేదు. అయినా పిల్ల పోతాది."

"పోతే మళ్లీ రావద్దు."

"రాములే. కవర్లు నువ్వే అంటించుకో నాయనా."

కూతురి రెక్క పట్టుకుని వీధిలోకి దిగింది.

"యాడికమ్మా ఇప్పుడు?"

"నడువే ముందు. నిలబడితే నాకు భయమేస్తాది."