రసాల బకెట్

వేసవి వస్తే చాలు, నూజివీడులో మామిడి వ్యాపారి ఇంటికి చుట్టాలు పుట్టుకొస్తారు. ఏడాదంతా ఫోన్ ఎత్తనివాళ్ళకి కూడా రసాలు పండేసరికి ఆ ఇంటి ఇల్లాలు హైమవతి మీద ఎక్కడలేని బెంగ పుడుతుంది. వచ్చినవాళ్ళు తిని ఊరుకుంటారా అంటే, ఊరుకోరు. గుంటుపల్లి బౌద్ధ గుహలు చూపించమంటారు.

హైమవతి ఏటా గుంటుపల్లి వెళుతోంది. గుహ మాత్రం ఒక్కసారీ చూడలేదు. తినేముందు రసాలు నీళ్ళలో నానాలి, లేకపోతే వేడి చేస్తుందని వాళ్ళింటి పట్టింపు. అందరూ కొండ దిగేసరికి పళ్ళు నాని ఉండాలి. నానే పళ్ళ మీద కోతుల కన్ను. కాబట్టి బకెట్ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ హైమవతే. భర్త సుబ్రహ్మణ్యం సీజన్లో కొట్టు వదిలి రాడు.

ఈ ఏడు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఈ జన్మలో ఎక్కేది లేదని ఆమెకి తెలిసిపోయింది. అందుకే బయల్దేరేముందే హైదరాబాదు నుంచి వచ్చిన ఆడపడుచు కామాక్షికి చెప్పింది.

"వదినా, ఈసారి నేనూ కొండెక్కుతాను."

"ఎక్కుదువుగాని లేవే, దానికేం భాగ్యం!"

తీరా వెళ్ళేసరికి గుంటుపల్లిలో ఇసకేస్తే రాలని జనం. సెలవులు కదా, బస్సులకి బస్సులే దిగాయి. వ్యాన్లోంచి బకెట్ తీసి వేపచెట్టు నీడన దించారు. దాని చుట్టూ సంచులూ, క్యారియర్లూ పేర్చారు.

"హైమా, మేం ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం. తర్వాత నువ్వెళ్దువుగాని," అంది కామాక్షి.

"అప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళడమేంటి వదినా? అన్నయ్యగారిని కూర్చోమనండి."

కామాక్షి భర్త పాండురంగారావు అప్పటికే టోపీ పెట్టుకుని మొదటి మెట్టు మీదున్నాడు. "నాకు చరిత్రంటే ప్రాణం కదమ్మా!" అన్నాడు. పోయిన ఏడూ ఇదే ప్రాణం. పైన ఏముందని అడిగితే, టెంక చీకుతూ, "ఏముందమ్మా, అంతా రాయే," అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. హైమవతి బకెట్ పక్కన చతికిలబడి కోతుల్ని అదిలిస్తూ, కనిపించని వదినని మనసులోనే కడిగేస్తూ కూర్చుంది. ఇంతలో కారు దిగిన ఒకావిడ వచ్చి బకెట్లోకి తొంగిచూసింది.

"కిలో ఎంతమ్మా?"

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. "అమ్మకానికి కాదండీ," అని లేచి నిలబడింది. సంచులన్నీ తీసుకెళ్ళి వ్యాన్లో పడేసి, డ్రైవర్ చేత తలుపులు వేయించింది. బకెట్‌ని అక్కడే వదిలేసి కొండెక్కడం మొదలుపెట్టింది.

మోకాళ్ళు మొత్తుకున్నాయి. ఆగి ఆగి, రొప్పుతూ పైకి చేరేసరికి గుహ నిండా తమవాళ్ళే. వెనక జనం విసుక్కుంటున్నా కదలకుండా ఫోటోలు దిగుతున్నారు.

"అత్తా! సమయానికొచ్చావు. అందరం పడేట్టు ఒక ఫోటో తీసిపెట్టవా?" అంటూ కామాక్షి కూతురు తేజస్వి ఫోన్ చేతిలో పెట్టింది. ఎలా ఎక్కొచ్చావని అడిగిన నాథుడు లేడు. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది.

కామాక్షికి మాత్రం ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. "నువ్వొచ్చేశావేంటే? బకెట్ దగ్గరెవరున్నారు?"

"కోతులున్నాయి," అంది హైమవతి.

 అందరికంటే ముందు చరిత్ర ప్రియుడే టోపీ పట్టుకుని పరుగందుకున్నాడు. తేజస్వి ఫోన్ లాక్కుంది. కామాక్షి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, తిట్టుకుంటూ వెనకే పడింది. గుహ ఖాళీ అయింది.

వెనకున్న జనం కదిలేలోపే హైమవతి లోపలికి నడిచింది. చల్లగా ఉంది. పైకప్పు మీద, పాతింటి దూలాల్లాగా, రాతిలోనే వాసాలు చెక్కారు. మధ్యలో గుండ్రటి స్తూపం. దాని మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళూ ఇంత దగ్గర దాకా వచ్చి ఇది చూడకుండా పోయానే అని ప్రాణం ఉసూరుమంది, చూశానన్న సంతోషమూ పట్టలేకపోయింది.

"ఒక్కరే వచ్చారా అండీ?" వెనకాల వచ్చిన మరొకావిడ అడిగింది.

కింది నుంచి కామాక్షి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. "హైమా! ఓ హైమా!"

"ఒక్కదాన్నేనండీ," అని హైమవతి స్తూపం చుట్టూ ప్రదక్షిణకి బయల్దేరింది.