బోర్డు లేని రొట్టె

ఆ రోజు చేసిన జొన్న రొట్టెలు రెండు వందలు. చెత్తబుట్టలో పడ్డవి నూట ముప్ఫై రెండు. రసజ్ఞ స్వయంగా నిలబడి లెక్కపెట్టింది. చివరి రొట్టె పడేటప్పుడు సక్కుబాయి మొహం అటు తిప్పుకుంది.

హైదరాబాదు రాయదుర్గంలో ఆ కంపెనీ భవనం ఐదో అంతస్తు అంతా క్యాంటీనే. రసజ్ఞ అక్కడ ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమాలు చూస్తుంది. వేసవిలో జరిగిన వైద్య పరీక్షల్లో ముప్ఫై నిండని వాళ్లకు కూడా షుగరు అంచుల్లో ఉందని తేలాక, పై వాళ్ల వెంటపడి ఈ రొట్టెల కౌంటరు పెట్టించింది. రొట్టెలు చేయడానికి హఫీజ్‌పేట్ నుంచి వచ్చే సక్కుబాయిని వెతికి తెచ్చుకున్నదీ ఆమే. జొన్న రొట్టె, గోంగూర పప్పు, సొరకాయ కూర. పైన ఆకుపచ్చ బోర్డు: ‘మీ ఆరోగ్యం కోసం సరైన ఎంపిక’. కింద పోషక విలువల పట్టిక. ఆ బోర్డు రాయడానికి రసజ్ఞకు నాలుగు రోజులు పట్టింది.

"మేడమ్, నా రొట్టె బాగలేదా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి," అంది సక్కుబాయి.

"చాలా బాగుందండి. నేను రోజూ తింటున్నాను కదా!"

"మీరొక్కరు తింటే ఏమైతది? రోజు గిట్ల పారబోస్తుంటే నా పాణం ఉసూరుమంటది."

మర్నాడు రసజ్ఞ ట్రే పట్టుకుని వరుసలో నిలబడింది. ఆమె ముందున్న ఆదర్శ్ అనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కుర్రాడు బోర్డు దాకా వచ్చి, చదివి, "సోమవారం నుంచి చూద్దాం," అని పక్కవాడితో అని బిర్యానీ వైపు వెళ్లిపోయాడు. రసజ్ఞ తన ట్రే తీసుకెళ్లి అతని ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. రొట్టె ఎందుకు తీసుకోలేదు?"

అతను మొహమాటపడ్డాడు. "రొట్టె మీద కోపమేం లేదు మేడమ్. ఆ బోర్డు చూస్తే ఎవరో తిడుతున్నట్టు ఉంటుంది. పొద్దుటి నుంచి రెండు కాల్స్‌లో తిట్లు తినే వచ్చాను. అన్నం దగ్గర కూడానా?"

పక్కన కూర్చున్న దేవిశ్రీ నవ్వింది. "నేనోసారి తీసుకున్నానండి. ఆ సాయంత్రం దాకా అందరూ డైటింగా, డైటింగా అని అడుగుతూనే ఉన్నారు. మళ్లీ ఆ వైపు పోలేదు."

రసజ్ఞకు ఒళ్లు మండింది. షుగరు వస్తే వీళ్లకే కదా! కానీ లింగంపల్లిలో రైలు దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు, మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి. వేడివేడి బజ్జీ కొరుకుతుండగా అనిపించింది, ఈ బండికి ‘గుండెకు హాని’ అని బోర్డు కట్టినా తను ఆగేదే. పైగా ఆ బోర్డు రాసినవాణ్ణి తిట్టుకుంటూ ఇంకోటి తినేది.

సోమవారం బోర్డు పీకించేసింది. పట్టిక కూడా. కౌంటరును మూల నుంచి తెచ్చి వరుస మొదట్లో పెట్టించింది. వంటగదిలో చేసి తెచ్చే బదులు పెనం అక్కడికే తెమ్మంది. సక్కుబాయి అందరి ముందూ పిండి ముద్ద తీసుకుని అరచేత్తో చప్పుడు చేస్తూ తట్టింది. రొట్టె పొంగే వాసన లిఫ్టుల దాకా వెళ్లింది. పక్కన ఎల్లిపాయ కారం, పచ్చి పులుసు. బుధవారం కోడికూర కూడా పెట్టించింది, గరిటెడు మాత్రమే. ఆరోగ్యం అన్న మాట ఎక్కడా లేదు.

మొదటి రోజు వాసనకు ఆగిన వాళ్లే ఎక్కువ. రెండో వారానికి వరుస తలుపు దాటింది. కరీంనగర్ వాళ్లు, భీమవరం వాళ్లు, పొట్లాలు కట్టించుకునే వాళ్లు. "అమ్మా, నాకు జర మాడ్చు," అని ఒకరు, "మా నాయనమ్మ ఇట్లనే చేసేది," అని ఒకరు. ఆదర్శ్ రోజూ రెండు తింటున్నాడు. చెత్తబుట్టలో ఒకటో రెండో పడేవి.

"ఏంది బిడ్డా, ఏం మంత్రమేసినవ్?" అని సక్కుబాయి పిండి చేతులతోనే రసజ్ఞ చెయ్యి పట్టుకుంది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేదని రసజ్ఞ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

క్యాంటీన్ వ్యవహారాలన్నీ చూసే రవికిరణ్ ఆమెను పిలిచి, ఏం చేశారో పై వాళ్లకు చెప్పమన్నాడు. రసజ్ఞ ఉత్సాహంగా ఇరవై స్లైడ్లు చేసింది. చెత్త ఎంత తగ్గింది, బిర్యానీ ఎంత తగ్గింది, బియ్యం బదులు జొన్న వాడితే ఎన్ని నీళ్లు మిగులుతాయి, అన్నీ చూపించింది. గదిలో చప్పట్లు కొట్టారు.

"రసజ్ఞ గారూ, సూపర్! ఇది అందరికీ తెలియాలి," అన్నాడు రవికిరణ్.

"వద్దండి. తెలియకపోవడం వల్లే జరిగింది. స్లైడ్ పదకొండులో అదే చెప్పాను."

"మీరు మరీనండి. మనది డేటా కంపెనీ. మన వాళ్లకు నంబర్లు చూపిస్తే ఇంకా మోటివేట్ అవుతారు."

పది రోజుల్లో కౌంటరు మీద పెద్ద తెర వెలిగింది. ‘ఈ నెల మీరు తగ్గించుకున్న కేలరీలు’. రొట్టె తీసుకుంటే యాప్‌లో పది పాయింట్లు. బిర్యానీ తీసుకుంటే బిల్లు దగ్గర ఎర్ర లైటు. లిఫ్టుల్లో సక్కుబాయి ఫోటో, కింద ‘మన హెల్త్ హీరో’. ఆమెను అడగకుండానే తీశారు.

ఎర్ర లైటు మొదటిసారి వెలిగినప్పుడు ఎవరో ఈల వేశారు. బిర్యానీ పట్టుకున్నావిడ మొహం కందిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ క్యాంటీన్‌కే రాలేదు. మిగతావాళ్లు పాయింట్ల కోసం రొట్టె తీసుకుని, "రొట్టె తిన్నాం కదా," అని రెండేసి గిన్నెలు గులాబ్ జామూన్ లాగించారు. కొందరు పాయింట్లు పడగానే రొట్టె ట్రేలోనే వదిలేశారు. నెల తిరిగేసరికి భవనం వెనక రోడ్డులో ఫ్రైడ్ రైస్ బండ్ల చుట్టూ మెడలో కంపెనీ ట్యాగులున్న వాళ్లే. అక్కడ ఆదర్శ్ ఎదురుపడి ప్లేటు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు కూడానా?" అంది రసజ్ఞ.

"ఏం చేయమంటారు మేడమ్? తింటుంటే ఎవరో మార్కులేస్తున్నట్టు ఉంది."

రసజ్ఞ రవికిరణ్ దగ్గరికి వెళ్లింది. తెర తీసేయమంది, లైటు తీసేయమంది, ఒక్క నెల ఏ బోర్డూ లేకుండా వదిలేయమంది. అతను విన్నాడు. విని, తన కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు.

"నంబర్లు చూడండి. మన వాళ్లకు మిల్లెట్స్ నచ్చవు. ట్రై చేశాం, అవలేదు. శుక్రవారం నుంచి ఆ కౌంటర్ క్లోజ్."

"నచ్చనిది రొట్టె కాదండి!"

"నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం రసజ్ఞ గారూ."

ఆమె మెట్ల మీద కూర్చుని కోపంతో ఏడ్చింది. ఆ ఇరవై స్లైడ్లూ తను చేసినవే. ఎవరినని తిట్టాలి?

సక్కుబాయిని గిన్నెలు కడిగే చోటుకు మార్చబోతే రసజ్ఞ గొడవ పెట్టుకుని చపాతీల దగ్గర వేయించింది. క్షమాపణ చెప్పడానికి వెళ్తే సక్కుబాయి తలెత్తలేదు.

"పెట్టిందీ మీరే, తీసిందీ మీరే. నా ఫోటో కూడా మీరే ఏసిండ్రు. మా గల్లీల అందరు హీరోవా అని నవ్వుతున్నరు. తీసే ముందు తినేటోళ్లను ఒక్కరన్న అడిగినరా?"



రెండు వారాల తర్వాత చపాతీ తుంచుతుంటే రసజ్ఞకు నోట్లో ఏదో తేడా తెలిసింది. కొంచెం మట్టిరంగు, కొంచెం గరుకు, నమిలేకొద్దీ తీపి. లేచి పెనం దగ్గరికి వెళ్లింది.

"ఇందులో జొన్నపిండి కలుపుతున్నారా?" అని మెల్లగా అడిగింది.

సక్కుబాయి అటూ ఇటూ చూసింది. "మూడు పాళ్లకు ఒక పాలు. స్టోర్‌ల ఆరు బస్తాలు మిగిలినయి. పురుగు పట్టనియ్యాల్నా? ఎవ్వరు ఏం అనలే. ఇంకా అడిగి తింటుండ్రు."

"చెప్పకుండా కలపడం తప్పు కదండీ. తినేవాళ్లకు తెలియాలి."

"తెలిస్తే తింటరా?"

నిన్ననే రవికిరణ్ ఈ చపాతీలు రుచిగా ఉన్నాయని నాలుగు తిన్నాడు. అది గుర్తొచ్చి రసజ్ఞకు నవ్వు రాలేదు, చిరాకే పెరిగింది. మనిషి ఏం తింటున్నాడో తెలుసుకుని ఎంచుకోవాలన్న నమ్మకంతోనే ఈ ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు తను కూడా దాచాలి.

ఆలోచించి, సరుకుల జాబితాలో చపాతీ పక్కన ‘గోధుమ, జొన్న’ అని రాసింది. ఆ జాబితా వంటగది తలుపుకు లోపలి వైపు అంటించి ఉంటుంది. ఎవరైనా చదవాలనుకుంటే చదవచ్చు.

"ఎన్ని దినాలు నడుస్తది బిడ్డా ఇది?" అని అడిగింది సక్కుబాయి. చాలా రోజుల తర్వాత బిడ్డా అని పిలిచింది.

"తెలియదండి. ఈసారి మాత్రం స్లైడ్లు చేయను."

మిగిలిన బస్తాలు అయిపోయాక, మళ్లీ జొన్నపిండి తెప్పించడానికి స్టోరు నుంచి ఫారం వచ్చింది. ‘ఏ కార్యక్రమం కింద?’ అని గడి. రసజ్ఞ పెన్ను అందుకుంది. ‘భోజనం’ అని రాసి, పళ్లు బిగించి సంతకం చేసింది.