రుద్దకుండా తెచ్చివ్వండి

ఇంట్లోవాళ్ళు ఆ పిల్లను పిడుగు అని పిలిచేవారు. ఊరికే పిలుస్తారా మరి! అమ్మమ్మ లాండ్రీ కొట్టులో ఆ పిల్ల చెయ్యి పెట్టని వస్తువు లేదు. శుక్రవారం సాయంత్రం, ఉతకడానికొచ్చిన డాక్టరమ్మగారి తెల్లకోటు తొడుక్కుని, బల్లెక్కి, గోడకు ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. కాలు తగిలి, బట్టలకు గుర్తులేసే సిరాబుడ్డి దొర్లింది. కంగారుగా దిగబోయి కోటుతో సహా సిరాలో వెల్లకిలా పడింది. అలికిడి విని అమ్మమ్మ వచ్చేసరికి కోటు విప్పి పట్టుకుని, తడుముకోకుండా చెప్పేసింది.

"పిల్లి పడేసింది!"

పాపం, ఆ పిల్లి గుమ్మంలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. అమ్మమ్మ దాన్నొకసారి, మనవరాల్నొకసారి చూసి, కోటు తీసి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం సండేస్కూల్లో టీచరమ్మ, "యేసయ్యను నమ్మి, నన్ను క్షమించు ప్రభువా అని అడగాలని ఎవరికుంది?" అంది. పిడుగుకు చెయ్యెత్తాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అబద్ధాలకోరు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? ముందు మంచిపిల్లనవుతా, తర్వాత అడుగుతా అనుకుంది. ఆ మంచితనం ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. దారిలోనే తమ్ముడి వీపు విమానం మోత మోగింది.

సోమవారం బడి నుంచి రాగానే పెరట్లోకి కోటు పట్టుకుపోయింది. మరక పోతే అబద్ధమూ పోయినట్టేనని దాని లెక్క. వేడినీళ్ళు పోసి, సబ్బు పట్టించి, బ్రష్షుతో రెక్కలు ముక్కలయ్యేలా రుద్దింది. అరచేయంత మరక వీపంతా పాకింది.

"రుద్దావుటే?" వెనక అమ్మమ్మ గొంతు.

పిడుగు బావురుమంది. పిల్లి సంగతి, ఎత్తని చెయ్యి సంగతి, తమ్ముడి వీపు సంగతి, అన్నీ ఒక్క గుక్కలో కక్కేసింది. "నేను బాగుపడ్డాక వెళ్దామనుకున్నా అమ్మమ్మా. బాగుపడ్డం నావల్ల కావట్లేదు. ఇంక యేసయ్య నన్ను తీసుకోడు!"

అమ్మమ్మ దాని చెయ్యి పట్టుకుని కొట్టు ముందుకు తీసుకొచ్చింది. "ఆ బోర్డు చదువు."

"మరక పడిన బట్టలు రుద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చివ్వండి."

"రంగు పూసి మరీ రాసిందెవరు?"

"నేనే," అంది ముక్కు చీదుతూ.

"ఇంటి దగ్గర రుద్దితే మరక నూలులోకి దిగిపోతుందని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్తావు. నీదాకా వచ్చేసరికి మర్చిపోయావా పిచ్చిదానా? బాగుపడి రమ్మని యేసయ్య అడగలేదు. మన తప్పులన్నీ తనమీద వేసుకుని సిలువమీద చనిపోయాడు, మళ్ళీ బతికి లేచాడు. అది నీకోసమేనని నమ్మి, నిన్ను ఉన్నదున్నట్టు ఆయన చేతికివ్వు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"మళ్ళీ తప్పు చేస్తే?"

"మళ్ళీ ఆయన దగ్గరికే పరిగెత్తు. దాచిపెట్టుకోకు."

ఇస్త్రీబల్ల పక్కనే పిడుగు కళ్ళు మూసుకుంది. "యేసయ్యా, పిల్లి కాదు, నేనే. నువ్వు నాకోసం చనిపోయి లేచావని నమ్ముతున్నా. నన్ను తీసుకో." ఎంత హాయిగా అనిపించిందో! ఇంకేమైనా చెప్పాలేమోనని వెతుక్కుంది. ఏమీ మిగల్లేదు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. అమ్మమ్మ నోరు తెరిచేలోపే పిడుగు కోటు తీసుకుని ఎదురెళ్ళింది.

"సిరా పోసింది నేనేనండీ. పైగా రుద్ది పాడుచేశాను. తప్పయిపోయింది."

డాక్టరమ్మ కోటు తిప్పి చూసింది. అమ్మమ్మ ఎంత తంటాలు పడ్డా వీపున నీలం ఛాయ ఉండనే ఉంది. "ఇంక పోదా ఇది?"

"కోటు మీదది పోదండీ," అంది పిడుగు, తల దించుకోకుండా. "నాది మాత్రం మొత్తం పోయింది."