ఆసుపత్రిలో పుట్టిన అమ్మాయి

పేరుకి ఆ ఊళ్లో అన్నీ ఉన్నాయి. బస్టాండు ఉంది, అక్కడ బస్సు ఆగదు. పాలకేంద్రం ఉంది, దాని పునాది మీద ఉతికిన దుప్పట్లు ఆరేసుకుంటారు. ప్రణాళిక వచ్చినప్పుడల్లా ఆఫీసువాళ్లు జీపులో దిగి, టేపులు పట్టి కొలిచి, మేకులు పాతి, టీ తాగి వెళ్లిపోయేవారు. మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఊరివాళ్లు మాత్రం వాళ్లు పెట్టిన పేర్లను భద్రంగా దాచుకున్నారు.

ఆసుపత్రి అంటే ఊరి చివర గడ్డి మొలిచిన ఖాళీ స్థలం. ఊరంతా కుట్టుమిషను అత్త అని పిలిచే ఆవిడ కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే అక్కడ రేకు బోర్డు పాతారు. పైన పెద్దక్షరాలతో ‘ఆసుపత్రి’, కింద చిన్నగా ‘కట్టబోవు స్థలము’. తుప్పు కింది వరస తినేసి పైది వదిలేసింది. ఇంకేం, అదే ఊరి వాడుక అయిపోయింది. తప్పిపోయిన దూడ ఆసుపత్రి వెనకాల దొరికేది. పిల్లలు ఆసుపత్రిలో బంతాట ఆడేవారు.

ఆ రోజులు తలుచుకుంటే అత్తకి ఇప్పటికీ మనసు తీపెక్కుతుంది. ఆమె భర్త, ఊరందరికీ మామ, ఊరి ఆఫీసులో బంట్రోతు. ప్రణాళిక పటం ఒకసారి ఇంటికి తెచ్చి నేలమీద పరిచాడు. చుట్టుకుపోకుండా నాలుగు మూలలా ఆమె కత్తెర, దారపు ఉండలు పెట్టాడు. ఇదిగో మన ఇల్లు, ఇదిగో ఆసుపత్రి, నడిచి వెళ్లొచ్చు నువ్వు అని వేలితో దారి చూపించాడు. అప్పటికి ఆమెకి నెలలు నిండుతున్నాయి. ఇద్దరూ ఆ పటం మీద వంగి, లేని గదులన్నీ తిరిగి వచ్చారు.

నొప్పులు వచ్చిన రోజు పట్నానికి బండి కట్టారు. ఊరు దాటకుండానే, సరిగ్గా ఆ బోర్డు దగ్గర, బిడ్డ ఆగనంది. ఆడవాళ్లు దుప్పట్లు అడ్డం పట్టారు. గడ్డిలోనే కాన్పు అయిపోయింది. మామ సంబరం అంతా ఇంతా కాదు. మా అమ్మాయి ఆసుపత్రిలో పుట్టింది అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ మాటే కొంప ముంచింది. తరవాతి ప్రణాళికకి వచ్చిన అధికారి జీపు దిగకుండానే, ఊళ్లో కాన్పులు ఎక్కడ అని అడిగితే మామ అలవాటుగా అదే చెప్పాడు. ఊళ్లో ఆసుపత్రి ఉంది అని రాసుకుని అధికారి వెళ్లిపోయాడు. మంజూరైన ఆసుపత్రి పక్క ఊరికి కూడా కాదు, ఎక్కడికో దూరానికి పోయింది. ఆనాటి నుంచి మామని అందరూ ‘ఆసుపత్రి కట్టినాయన’ అన్నారు. ఆయన బయట నవ్వేవాడు, ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయేవాడు. చివరికి ఆయన గుండె పట్టుకున్నప్పుడు, ఆ బోర్డు పక్కనుంచే బండి పట్నానికి పరిగెత్తింది. పట్నం చేరేసరికి మామ లేడు.

మళ్లీ ఇన్నాళ్లకి ప్రణాళిక ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వస్తోందని కబురు వచ్చింది. ఊరి అధ్యక్షుడు అందర్నీ పిలిచి నోళ్లకి తాళం వేశాడు. ఆమె వెళ్లేదాకా ‘ఆసుపత్రి’ అన్న మాట ఎవరూ అనకూడదు. బోర్డుకి గోనెపట్టా కూడా చుట్టించాడు. అత్త దగ్గరికి మాత్రం విడిగా వచ్చాడు.

“అత్తా, మామ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఈసారి కూడా పోతే ఇక రాదు.”

బడి గదిలో సమావేశం. పాపం, జనం మాట్లాడబోవడం, నాలుక కరుచుకోవడం, దగ్గడం. ఆ అమ్మాయి ముసలివాళ్లని వెతికి మరీ అడిగింది. “మీ పిల్లలు ఎక్కడ పుట్టారమ్మా?”

పట్నంలో అంటే సరిపోతుంది. ఆ మాట అత్త పెదవుల దాకా వచ్చింది. కానీ అది అంటే, బతికినన్నాళ్లూ నవ్వులపాలైన మనిషిని తను కూడా అబద్ధాలకోరు చేసినట్టు.

“ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో పుట్టింది.”

అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. అమ్మాయి కలం కదిలేలోపే అత్త లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. “రాసుకునే ముందు రా తల్లీ, చూపిస్తాను.”

ఊరంతా వెనకాల నడిచింది. అత్త గోనెపట్టా లాగేసింది. అమ్మాయి బోర్డు చదివింది, గడ్డి చూసింది, ఇక్కడా అని అడిగింది.

“ఇక్కడే. మా ఆయన అబద్ధం చెప్పలేదు. రాసుకున్నవాళ్లు వచ్చి చూడలేదు, అంతే.”

ఆ అమ్మాయి గడ్డిలోనే కూర్చుని మొదటినుంచీ చెప్పించుకుంది.

ఆ గడ్డి స్థలంలోనే ఆసుపత్రి వచ్చింది. ప్రణాళికల పద్ధతి ప్రకారం బాగా ఆలస్యంగానే వచ్చింది. తెరిచిన వారానికే అత్త మోకాళ్ల నొప్పులకని వెళ్లింది. గోడలకి సున్నం వాసన ఇంకా పోలేదు. తలుపు పక్క బల్లమీద కూర్చుని, గడ్డి ఎక్కడిదాకా ఉండేదో కళ్లతోనే కొలుచుకుంది. పటం మీద వేలు పెట్టి చూపించిన మనిషి పక్కన ఉంటే బాగుండేదనిపించి కళ్లు తుడుచుకుంది.

పొరుగూరి నుంచి వచ్చిన నర్సు చీటీ రాస్తూ, మాటవరసకి అడిగింది. “ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా, పెద్దమ్మా?”

“ఒకసారి వచ్చానమ్మా,” అంది అత్త. “కాన్పుకి.”