నలభై రెండు పొయ్యిలు

కాంట్రాక్టర్ రంగారావు మనుషులు ముందు నిచ్చెన తీసేశారు. ఆ తర్వాతే గుడిసెల మీదికి పోయారు.

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కొత్త హాస్టలు రెండో అంతస్తు మీదికి కూలీలు పొద్దున ఏడింటికే ఎక్కారు, తలల మీద సిమెంటు మాలు గంపలతో. మెట్లు ఇంకా పోయలేదు. ఎక్కాలన్నా దిగాలన్నా ఆ ఒక్క నిచ్చెనే. పదింటికి ఎవడో వచ్చి దాన్ని భుజాన వేసుకుని పోతుంటే ఏదో అవసరం పడిందనుకున్నారు. పది నిమిషాలకు సంగతి తెలిసింది. మైదానం అవతల పన్నెండేళ్ళుగా తాముంటున్న గుడిసెలకు మోకు కట్టి, ట్రాక్టరుతో ఒక్కొక్కటే లాగేస్తున్నారు. పైనుంచి అంతా కనిపిస్తోంది. దిగే దారి లేదు.

డ్రాయింగు హాలు కిటికీలోంచి జయరాజు ఇదంతా చూశాడు. సివిల్ ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. అది డెబ్బై ఎనిమిది ఏప్రిల్ నెల. కాలేజీ మడికొండ దారిలోది, పేరెందుకు. పైఅంతస్తు అంచున నిలబడి చేతులు ఊపుతున్న మనిషి అతని తల్లి ఏసమ్మ.

"ముసల్ది ఉన్నదయ్యా లోపట. కట్టమ్మ ఉన్నది. జర ఆగుండ్రి" అని ఆమె అరిచిన అరుపు హాలు దాకా వినిపించింది. గుడిసె పక్కనే ఉన్న ట్రాక్టరు డ్రైవరుకు వినిపించలేదట. తర్వాత అట్లాగే చెప్పుకున్నాడు.

జయరాజు పరిగెత్తాడు. అతను చేరేసరికి పని అయిపోయింది. పక్షవాతంతో లేవలేని కట్టమ్మ తాటిదూలం కింద ఉంది. ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసిన ముసల్ది. ఏసమ్మ పనికి పోయినప్పుడల్లా చిన్నప్పటి జయరాజును కూచోబెట్టుకుని మక్క గట్క తినిపించింది ఆమే. దూలం ఎత్తి చూస్తే ఊపిరి లేదు.

రాయమల్లు మేస్త్రి సెంట్రింగు వాసాలు పట్టుకుని, అరచేతులు చెక్కుకుపోతుంటే కిందికి జారాడు. ఎక్కడినుంచో ఇంకో నిచ్చెన తెచ్చి అందరినీ దింపాడు. వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నలభై రెండు గుడిసెలూ కుప్పలయ్యాయి.

మధ్యాహ్నం తాసీల్దారు జీపులో వచ్చాడు. శవాన్ని చూడలేదు, నీడ ఎక్కడుందో చూసుకున్నాడు. కుర్చీ వేయించుకుని పంచనామా కాగితం చదివాడు. ఖాళీ స్థలంలో గుర్తుతెలియని స్త్రీ, వయసు సుమారు డెబ్బై, వడదెబ్బ వల్ల మరణం.

"వడదెబ్బ ఏంది సారూ, దూలం మీద పడి సచ్చింది" అన్నాడు రాయమల్లు.

"దూలం ఏడిదిరా?"

"గుడిసెది."

తాసీల్దారు సంచిలోంచి నీలం నకలు తీసి విప్పాడు. "ఇగో ప్లాను. ఇంజనీర్లు సర్వే చేసి గీసింది. కొత్తగా ఎలక్ట్రానిక్స్ డిగ్రీ వస్తాంది, దాని బిల్డింగుకు గీ జాగా ఖాళీగున్నదని సర్కారుకు పంపిన ప్లాను. దీంట్ల ఒక్క గుడిసె చూపెట్టు. గుడిసే లేనప్పుడు అది కూలుడేంది, దాని కింద మనిషి సచ్చుడేంది? ఏలిముద్రలు ఎయ్యిండ్రి."

ఇంతకన్నా దుర్మార్గం ఉంటుందా? చంపినవాడు చంపలేదంటే అబద్ధమని తిట్టొచ్చు. ఇక్కడ కట్టమ్మకు ఇల్లే లేదంటున్నారు, ఆమె చావడానికి కూడా చోటు లేదంటున్నారు.

రాయమల్లుకు చదువు రాదు. ఆ ప్లాను లాక్కుని జయరాజు చేతిలో పెట్టాడు. "బిడ్డా, సదువుకున్నోనివి. గిండ్ల ఏమున్నదో సదువు. అందరికి ఇనబడేటట్టు సదువు."

జయరాజు ప్లాను చూశాడు. ఆ గీతలు అతనికి తెలుసు. నెల కింద సర్వే ప్రాక్టికల్‌కు క్లాసు అరవై మందికీ ఇదే స్థలం ఇచ్చారు. అందరూ గుడిసెల మధ్యనుంచే కొలత గొలుసులు లాగారు. ఏసమ్మ తన గుడిసె ముందు నిలబడి కొడుకును చూసి నవ్వింది. తోటివాళ్ళకు తెలుస్తుందని అతను మొహం తిప్పుకున్నాడు. అయినా షీటు మీద పెన్సిలుతో నలభై రెండు గుడిసెలూ గీశాడు. లెక్చరర్ సారంగపాణి చూసి, "పునాది లేనిది కట్టడం కాదోయ్. ప్లానులో పెట్టకూడదు. తుడిచేయ్" అన్నాడు. ఫస్టు మార్కు కావాలి జయరాజుకు. తుడిచేశాడు. యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. క్లాసులోకెల్లా శుభ్రమైన షీటు అని సారంగపాణి తీసుకుపోతే మురిసిపోయాడు. ఎక్కడికి పోయిందో అడగలేదు.

చదవడం మొదలుపెట్టాడు. స్కేలు చదివాడు, హద్దులు చదివాడు. మూలన ఉన్న చివరి వరుస దగ్గర ఆగాడు. అది వదిలేసినా అక్కడి కూలీలెవరికీ తెలియదు.

"గీసినది, ఎం. జయరాజు, సివిల్ రెండో సంవత్సరం" అని చదివాడు.

 ఏసమ్మ దగ్గరికి వచ్చింది. మాలు ఎండిపోయిన చేత్తో ఆ కాగితాన్ని తడిమింది.

"మన గుడిసె ఏడ పెట్టినవ్ బిడ్డా?"

"తుడిచిన అమ్మా."

ఆమె కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. పోయి శవం పక్కన కూచుంది.

అప్పటికి డ్రాయింగు హాలు ఖాళీ అయి విద్యార్థులంతా వచ్చేశారు. కూలీల కోపం వాళ్ళ మీదికి తిరిగింది. యాకమ్మ అనే కూలీ ముందుకొచ్చి వాళ్ళను నిలదీసింది. "కొల్వ వచ్చినప్పుడు ఎండ అని నీళ్ళడిగిండ్రు. నా కుండల నీళ్ళు తాగిండ్రు. గా కుండ ఏడున్నదయ్యా మీ బొమ్మల?"

"మాకేం తెల్సమ్మా. సార్ చెప్పిండు, ఇడిసిపెట్టినం" అన్నాడొకడు.

"సార్ చెప్తే ఇడిసిపెడ్తరు. మేం చెప్తే గీస్తరా?" అన్నాడు రాయమల్లు.

క్లాసులో ఒకే ఒక్క ఆడపిల్ల నిర్మల, కాజీపేట రైల్వే గార్డు కూతురు. ఆమె జయరాజు పక్కకు వచ్చి నిలబడింది. "తుడిచింది వీడొక్కడే, నిజమే. మేమైతే గీయనన్నా గీయలే. మేమే ఎక్కువ తప్పు చేసినం. కని తాతా, గుడిసెలు పోయినయి కద, ఇప్పుడు దేన్ని కొలుస్తం?"

"పొయ్యిలున్నయి గద" అంది యాకమ్మ.

నిజమే. మోకుతో లాగితే కప్పులు పోయాయి, గుంజలు పోయాయి. నేలకు మెత్తిన మట్టి పొయ్యిలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొన్నిటిలో పొద్దుటి బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.

వాదన పెద్దదైంది. పది రోజుల్లో పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు సారంగపాణి చేతిలో ఉన్నాయి, ఒక్క సబ్జెక్టు పోతే ఏడాది పోతుందని కొందరన్నారు. మనం కొలిచినంత మాత్రాన సర్కారు వింటుందా అని ఇంకొందరు. "ఇనకపోతే ఇనేదాక అడుగుతం. అసలు కాయిదమే లేకపోతే ఏం పెట్టి అడుగుతం?" అన్నాడు రాయమల్లు. కట్టమ్మ ఇల్లు కాగితం మీదికి ఎక్కేదాకా శవం లేవదని, ఎవరూ వేలిముద్ర వేయరని కూలీలు తేల్చి చెప్పారు. అరవైలో పంతొమ్మిది మంది తలలు వంచుకుని తిరిగి హాలుకు పోయారు. వాళ్ళనేం అంటాం, ఇళ్ళ దగ్గర వాళ్ళకూ తల్లులున్నారు. మిగిలినవాళ్ళు స్టోరుకు పోయి గొలుసులు, టేపులు, గురికి నిలబెట్టే ఎర్రతెల్ల కర్రలు మోసుకొచ్చారు.

సారంగపాణి వెనకే వచ్చాడు, చెమటలు కక్కుతూ. "పర్మిషన్ లేకుండా సామాను తీశారు. దొంగతనం కేసవుతుంది. ఒక్కొక్కడికీ సర్వేలో సున్నా." తర్వాత జయరాజును పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నీ మంచికే చెప్తున్నా. నీ షీటు కరెక్టని ఒక్క ముక్క రాసి తాసీల్దారుకివ్వు. నీ డిగ్రీ నేను చూసుకుంటా. మీ వాళ్ళల్లో ఇంజనీరు ఎవరున్నార్రా? మొదటివాడివి నువ్వే అవుతావు. పాడు చేసుకోకు."

 ఆ డిగ్రీ కోసం ఏసమ్మ పన్నెండేళ్ళు తల మీద బరువు మోసింది. ప్రతి ఆదివారం చర్చిలో దానికోసమే మోకాళ్ళూనింది. జయరాజు తల్లివైపు చూశాడు.

"నా దిక్కు చూడకు. తుడిచేటప్పుడు చూసినవా?" అంది ఏసమ్మ.

ఎంత కఠినమైన మాట. ఆ మాటే అతన్ని నిలబెట్టింది.

"నా షీటు తప్పు సార్. నేనే తుడిచిన. తుడువమన్నది మీరు. గదే రాసి సంతకం పెట్టి ఇస్త" అని జయరాజు గొలుసు అందుకున్నాడు.

సర్వేలో ఒక అలవాటుంది. గొలుసు పట్టినవాడు కొలత అరిచి చెప్తాడు. రాసేవాడు దాన్ని మళ్ళీ పైకి అని రాసుకుంటాడు. చెప్పింది ఒకటి, రాసింది ఒకటి కాకుండా ఉండేందుకు. ఆ సాయంత్రం ఇరవై ఒక్క మంది కొలతలు చూస్తే, ఇరవై మంది పుస్తకాలు పట్టుకుని రాశారు. నిలబెట్టే కర్రలు చాలలేదు. ఆడవాళ్ళు ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు నిలబడ్డారు. పేరు చెప్పు తల్లీ అంటే చెప్పారు. కొలత అరిస్తే, ఇరవై గొంతులు తిరిగి అన్నాయి. కట్టమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె పొయ్యి పక్కన శవమే ఉంది. జయరాజే కొలత చదివాడు. రెండుసార్లు చదివాడు.

నలభై ఒకటి పూర్తయ్యాయి. చివరి గుడిసె ఏసమ్మది. అప్పుడు దిగాయి పోలీసు వ్యాన్లు రెండు. ముందు జీపులో రంగారావు.

ఇన్‌స్పెక్టరు ఎవరినీ ఏమీ అడగలేదు. సారంగపాణి వేలు చూపించినవాణ్ణి చూపించినట్టు కొట్టించాడు. జయరాజు మోకాళ్ళ మీద లాఠీలు విరిగాయి. పడినవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. గొలుసు ఒక కొస కింద పడింది. నిర్మల అందుకుంది. రెండో కొస ఏసమ్మే పట్టుకుని తన పొయ్యి మీద నొక్కిపెట్టింది. ఒక పోలీసు ఆమె చేతి మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వ్యానులో ఉన్న జయరాజుకు వినిపించింది.

"పదకొండు మీటర్ల నలభై" అని అరిచింది నిర్మల.

పుస్తకాలవాళ్ళు లాఠీల కింద చెల్లాచెదరయ్యారు. తిరిగి అనేవాళ్ళు లేరు. అప్పుడు రాయమల్లు అన్నాడు, అక్షరం రాని మనిషి, "పదకొండు మీటర్ల నలభై" అని. వెంటనే యాకమ్మ అంది. తర్వాత కూలీలంతా అందుకున్నారు, దెబ్బలు తింటూనే, పారిపోతున్న పిల్లల చెవుల్లో పడేటట్టు. వ్యాను తలుపు మూశాక కూడా జయరాజుకు అదే వినిపించింది.

ఆ రోజు ఇరవై ముగ్గురిని పట్టుకుపోయారు. శవాన్ని బలవంతంగా దవాఖానకు తరలించారు. విద్యార్థులుండే పాత హాస్టలు గదులన్నీ తిరగేశారు. కొలతల పుస్తకం ఒక్కటీ దొరకలేదు.

మూడో రోజు జయరాజుకు రెండు కాగితాలు అందాయి. ఒకటి కాలేజీ నుంచి పేరు కొట్టేసినట్టు. రెండోది రిమాండు. కోర్టు నుంచి జైలుకు పోతున్న వ్యాను దారిలో ఆగిపోయింది. ఎదురుగా దవాఖాన నుంచి కట్టమ్మ శవయాత్ర వస్తోంది. కూలీలతో పాటు కాజీపేట రైల్వే కార్మికులు, ఆ రోజు తలలు వంచుకుని పోయిన పంతొమ్మిది మంది కూడా నడుస్తున్నారు. ముందు వరుసలో వెడల్పైన తెల్లబట్ట పట్టుకున్నారు. దాని మీద నల్లరంగుతో పెద్ద ప్లాను గీసి ఉంది. ఏ హద్దు ఎక్కడో, ఏ ఇల్లు ఎక్కడో, ఇంటింటికీ పేరు. బట్ట ఒక కొసను ఏసమ్మ ఎడమచేత్తో పట్టుకుంది, కుడిచేతికి కట్టు ఉంది.

బేడీల చేతులతో కిటికీ జాలీ పట్టుకుని జయరాజు ఒక్కొక్క ఇల్లూ లెక్కపెట్టాడు. నలభై రెండూ ఉన్నాయి.

"ఏం చూస్తానవ్ రా?" అన్నాడు కాపలా పోలీసు.

"మా ఊరు" అన్నాడు జయరాజు.