రూప్లి తినని తప్పన్నం

ఆ ఆదివారం ప్రసంగం రూప్లికి పాయసంలా దిగింది. పదేళ్లుగా గుడికి వస్తోంది గానీ ఇంత రుచిగా ఏ వాక్యమూ తగల్లేదు. బైబిలు స్కూలు నుంచి వచ్చిన ఆనందరావు గారు, క్రీస్తు అందరి కోసమూ చనిపోలేదనీ, తండ్రి తనకప్పగించిన గొర్రెల కోసమే ప్రాణం పెట్టాడనీ గంటసేపు చెప్పారు. దమ్మపేట అడవి అంచున ఉన్న ఆ తండాలో గొర్రెలెవరో, మందకు చెందని మేకలెవరో రూప్లిని అడిగితే చాలు. మేకల్లో మొదటి పేరు దేవ్లాది.

దేవ్లా ఆమెకు మరిది. పదకొండేళ్ల కిందట, డెబ్బై అయిదులో, ఇప్పసారా తాగి బండి తోలి, వాగులో బోల్తా కొట్టించి, సొంత అన్న లాలు చావుకు కారణమయ్యాడు. లాలు రూప్లి మొగుడు. ఇప్పుడా దేవ్లాయే బాప్తిస్మం కావాలని వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు.

సంఘం పాస్టరు జకరయ్య గారికి మాత్రం ఆ ప్రసంగం మింగుడు పడలేదు. ఆరాధన కాగానే, జనం లేవక ముందే అడిగేశారు.

"లోకమంతటి కోసం అని రాసి ఉన్నది గద అయ్యగారూ. మా తండా లోకంల లేదా?"

"లోకమంటే అన్ని జాతుల్లోనూ ఏర్పరచబడినవాళ్లని అర్థమండీ. అందరి కోసం చనిపోతే అందరూ రక్షణ పొందాలి కదా? ఆ రక్తం ఒక్క చుక్క కూడా వృథా కాదు."

"వృథా ఎట్లయితది? ఇచ్చుడు అందరికి. పుచ్చుకునుడు మనిషి వంతు."

"అంటే సిలువ మీద సగం పనే అయింది, మిగతా సగం మనం చెయ్యాలంటారా? 'సమాప్తమైనది' అన్నాడండీ ప్రభువు."

ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి దగ్గరా వచనాలున్నాయి. జనం తలలు అటూ ఇటూ తిప్పి అలిసిపోయారు. చివరికి జకరయ్య గారు రూప్లి వైపు తిరిగారు.

"నష్టపోయినదానివి నువ్వు. నువ్వు వద్దంటే దేవ్లాను నీళ్లల్ల దింప. ఏమంటవ్ రూప్లమ్మా?"

రూప్లి లేచి కొంగు సర్దుకుని, ఆనందరావు గారి వైపు చెయ్యి చూపింది. ఆమె నోటికి తండా పెద్ద నాయక్ కూడా దారిచ్చి తప్పుకుంటాడు.

"చిన్నయ్యగారు చెప్పిందే నిజం. ఆ రక్తం ప్రతోడికి పంచుకుంట పోతే దానికి విలువేంది? దేవ్లా గొర్రె గాదు."

తండా నాయక్ రాందాస్ బాప్తిస్మం తీసుకోలేదు గానీ, గొడవ ఉన్నచోట లేకపోతే ఆయనకు తోచదు. గుమ్మం బయటి నుంచే గొంతెత్తాడు. "ఆ ముచ్చట ఎప్పుడో తెగింది. తప్పన్నం తిన్నంక మళ్ల ఎత్తితే, ఎత్తినోళ్ల మీద పడ్తది తప్పు."

అది తండా కట్టు. తప్పు చేసినవాడు తానే వండి, ఇంటింటి మనిషికీ తన చేత్తో వడ్డించాలి. అందరూ తింటే తప్పు తెగినట్టు. ఒక్కరు తినకపోయినా తెగనట్టే; తిన్నట్టు నటించినవాళ్లకు వెలి. ఆనాడు దేవ్లా పెట్టిన ముద్దను రూప్లి కొంగులో దాచి, ఇంటి వెనక కుక్కకు వేసింది. ఆ సంగతి కుక్కకూ తనకూ తప్ప మరెవరికీ తెలియదని ఆమె ధీమా.

"నువ్వేమంటవ్?" అని పాస్టరు గారు దేవ్లాను అడిగారు.

"వదినె వద్దంటే వద్దయ్యగారు. ఆ తప్పు తెగలే."

రాందాస్‌కు కోపం వచ్చింది. "ఎట్ల తెగలే? తండా మొత్తం తిన్నది."

"ఒకరు తినలే. నేను చూసిన."

"ఎవరు?"

"చెప్ప. చెప్తే ఆళ్లను తండాలకెళ్లి ఎల్లగొడ్తరు. పదకొండేండ్ల సంది చెప్పనిది ఇప్పుడు చెప్తనా? నా మీదనే ఉండనియ్యండ్రి."

దేవ్లా తల ఎత్తలేదు. రూప్లి వైపు పొరపాటున కూడా చూడలేదు. ఆమెకు ఒళ్లు మండింది, ముందు వాడి మీద, వెంటనే తన మీద. వాడు వండడం, వడ్డించడం ఆనాడే అయిపోయాయి. వాడి వంతు ఏమీ మిగల్లేదు. మిగిలింది తన చేతి ముద్ద ఒక్కటే, దానికి బదులు ఇన్నేళ్లూ తప్పు మోసింది వాడు. గొర్రె కాదని తేల్చింది మాత్రం తను. రూప్లి జన్మలో అంత సిగ్గుపడలేదు.

"తిననిది నేనే," అంది.

ఆనందరావు గారు గొంతు సవరించుకుని, "దీన్నే వాక్యపరంగా చూస్తే..." అని మొదలుపెట్టారు.

"జర ఆగుండ్రి చిన్నయ్యగారూ. మీరిద్దరు చెప్పింది నాకిప్పుడు తెలిసింది. వండుడు అయిపోయింది, కొత్తగా వండేదేం లేదు. పెట్టుడు అందరికి పెట్టిండ్రు. ముద్ద కుక్కకేసినోళ్లదే పాపం." దేవ్లా వైపు తిరిగింది. "సద్దిల ఏం తెచ్చినవ్?"

"జొన్నరొట్టె, వదినె."

"నీ చేత్తోటి పెట్టు."

వాడు సద్దిమూట విప్పి రొట్టె ఆమె చేతిలో పెట్టాడు. రొట్టె పొద్దుటిది, గట్టిపడింది. మొదటి ముక్క గొంతులో అడ్డం పడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో నీళ్ల చెంబు అందించబోతే వద్దంది. తండా అంతా చూస్తుండగా చివరి తునక దాకా నమిలి మింగి, చేతులు దులుపుకుంది. "ఇప్పుడు తెగింది," అన్నాడు రాందాస్.

"అయ్యగారూ, ఇగ వాగుకాడికి నడువుండ్రి," అంది. రెండడుగులు వేసి, దేవ్లా కోసం ఆగింది. "నీళ్లల్లకెళ్లి లేచినంక ఇంటికి రా. మీ అన్న ముచ్చట చెప్పుకునేటందుకు నాకు మాత్రం ఇంకెవరున్నరు?"